జనవరి రాత్రి సెట్ చేసిన ఓవర్‌క్లాక్ మే మధ్యాహ్నం నిలబడదు

డిసెంబరు, జనవరి వచ్చాయంటే వైజాగ్‌లో కుర్రాళ్లకి ఓవర్‌క్లాక్ సరదా, అంటే ప్రాసెసర్ని కంపెనీ పెట్టిన స్పీడు కన్నా ఎక్కువలో నడిపే సరదా, మొదలవుతుంది. రాత్రి పూట గది 22 డిగ్రీలుంటుంది, ప్రాసెసర్కి పూర్తి పని పెట్టి స్కోరిచ్చే సినీబెంచ్ పది నిమిషాలు తిప్పితే ప్రాసెసర్ 85 దగ్గర ఆగుతుంది, స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో పెట్టేస్తారు. ఏప్రిల్ చివరికి అదే మెషీన్ గేమ్ మధ్యలో బ్లూ స్క్రీన్ వేస్తుంది. అప్పుడు ర్యామ్ పోయిందని ఒకరు, ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై) మార్చమని ఇంకొకరు చెబితే, కేబినెట్ చంకలో పెట్టుకుని ద్వారకానగర్ షాపుల చుట్టూ తిరుగుతారు. ర్యామ్‌కి ఏమీ కాలేదు. ఎస్ఎంపీఎస్‌కీ ఏమీ కాలేదు. గది 13 డిగ్రీలు వేడెక్కింది, అంతే. ఏటా ఇదే తంతు చూసి బాధేసి ఈ పోస్ట్ రాస్తున్నాను. పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

ఎయిర్ కూలర్ ప్రాసెసర్ని గది గాలి కన్నా చల్లగా ఎప్పటికీ ఉంచలేదు. గది కన్నా ఎన్ని డిగ్రీలు పైన ఆపగలదన్నదే దాని సత్తా. 140 వాట్ల లోడులో గదికి 63 డిగ్రీలు పైన ఆపే కూలర్ ఉందనుకోండి. జనవరిలో 22కి 63 కలిపితే 85. మే నెలలో తలుపులేసిన గది 35 ఉంటే లెక్క 98కి పోతుంది. ఏఎండీ రైజెన్ 7000 సిరీస్‌లో చాలా చిప్‌ల హద్దు 95, ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ చిప్‌లది 100. హద్దు తగలగానే చిప్ తనంతట తానే స్పీడు దించుకుంటుంది. పైగా సిలికాన్ వేడెక్కిన కొద్దీ లీకేజీ కరెంటు పెరుగుతుంది, అదే స్పీడుకి ఇంకొన్ని వాట్లు తింటుంది. 70 డిగ్రీల్లో సరిపోయిన వోల్టేజ్ 95 దగ్గరికి వచ్చేసరికి చాలకపోవచ్చు కూడా. జనవరిలో గంటలు గంటలు నడిచిన సెట్టింగు మేలో కూలబడేది ఇందుకే.

ఒక అపోహ ఇక్కడే తీసేద్దాం. మన ఊరి ఉక్కపోత హీట్‌సింక్‌కి లెక్కలేదు. దానికి చెమట పట్టదు కాబట్టి గాలిలో తేమ ఎంతున్నా దాని పని దాదాపు అంతే. ఫోన్లో వాతావరణం యాప్ ‘43లా అనిపిస్తోంది’ అని చూపించే అంకె మీకోసం, మీ కంప్యూటర్ కోసం కాదు. చిన్న థర్మామీటరు ఒకటి కొని కేబినెట్ ముందు భాగంలో, గాలి లోపలికి పోయే చోట పెట్టండి. ఆ అంకే అసలైనది. ఏసీ లేని పై అంతస్తు ఫ్లాటుకి మే నెల లెక్కగా 36 డిగ్రీలు పెట్టుకోమంటాను. ఈ రాత్రి గది 22 ఉంటే మీ ప్రాసెసర్ రీడింగుకి 14 కలపండి, 28 ఉంటే 8 కలపండి. కలిపాక 90 లోపు ఉంటే ఆ సెట్టింగు ఉంచండి, దాటితే దించండి. యూట్యూబ్ రివ్యూల్లో చాలావరకు 20 నుంచి 23 డిగ్రీల గదుల్లో చేసినవి. వాళ్ల అంకెలు వాళ్ల గదికి నిజం, మన గదికి కాదు.

ఇప్పుడు మెగాహెర్ట్జ్ ఖరీదు చూడండి. చిప్ తినే పవర్ స్పీడుతో నేరుగా పెరుగుతుంది, వోల్టేజ్‌తో మాత్రం వర్గంగా పెరుగుతుంది. 1.20 వోల్టుల్లో 4.7 గిగాహెర్ట్జ్ నడిచే చిప్‌ని 5.0కి లాగడానికి 1.35 ఇచ్చారనుకోండి. స్పీడు పెరిగింది 6 శాతం. వాట్లు పెరిగింది దాదాపు 35 శాతం. 120 వాట్లది 161 అయింది. పైన చెప్పిన కూలర్‌తోనే లెక్కేస్తే గదికి 54 డిగ్రీలు పైన ఉండేది 72 దాటుతుంది. 36 డిగ్రీల గదిలో 90 దగ్గర ఆగాల్సింది 108కి పోవాలి, అంటే పోలేక హద్దు దగ్గర కొట్టుకుంటుంది. ఇంత చేసి ఆ 6 శాతమూ చేతికి రాదు, ఎందుకంటే గ్రాఫిక్స్ కార్డు మీద భారమున్న గేముల్లో ఆ తేడా కనపడనే కనపడదు. అందుకే నా వాదన ఒక్కటే: మన ఊళ్లో ఎయిర్ కూలర్ మీద ఓవర్‌క్లాక్ చేసేవాళ్లు ముందు వోల్టేజ్ తగ్గించడం నేర్చుకోవాలి. స్పీడు దాని వెనకే వస్తుంది.

రైజెన్‌లో ఇది చక్కగా కుదురుతుంది. ముందు బయోస్ (కంప్యూటర్ ఆన్ చేయగానే నడిచే, బోర్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయండి, యూపీఎస్ లేకుండా మాత్రం చేయొద్దు, మధ్యలో కరెంటు పోతే బోర్డు లేవకపోవచ్చు. తర్వాత అందులోనే, ర్యామ్‌ని దాని మీద రాసిన స్పీడులో నడిపే ర్యామ్ ప్రొఫైల్ ఆన్ చేయండి. 3200 ర్యామ్ కొనుక్కుని ఏళ్ల తరబడి 2400 మీద నడుపుతున్నవాళ్లు ఎంతమందో! గేముల్లో 100 మెగాహెర్ట్జ్ కన్నా ఈ ఒక్క స్విచ్చే ఎక్కువ ఇస్తుంది చాలాసార్లు. ఇవయ్యాక ఏమీ మార్చకుండా సినీబెంచ్ ఆర్23 పది నిమిషాలు తిప్పి స్కోరు, ఉష్ణోగ్రత, ప్యాకేజీ వాట్లు కాగితం మీద రాసుకోండి. ఈ కాగితం లేకుండా ముందుకెళ్లడం దారం లేని గాలిపటమే.

అప్పుడు బయోస్‌లోని ప్రెసిషన్ బూస్ట్ ఓవర్‌డ్రైవ్‌లో అడ్వాన్స్‌డ్‌కి వెళ్లి, వోల్టేజ్ తగ్గించే కర్వ్ ఆప్టిమైజర్ తెరవండి. అన్ని కోర్లకీ నెగటివ్ 10తో మొదలుపెట్టండి. ఒక్కో మెట్టు సుమారు 3 నుంచి 5 మిల్లీవోల్టులు. బాగుంటే 15, ఆ తర్వాత 20. ఎవరో నెగటివ్ 30 పెట్టుకున్నారని మీరూ అదే కొట్టొద్దు, ఒకే మోడల్లో కూడా ఏ రెండు చిప్‌లూ ఒకలా ఉండవు. ఇక్కడ చాలామంది మోసపోయే చోటొకటుంది. సినీబెంచ్ గంట నడుస్తుంది, ప్రైమ్95 అనే ఇంకో లోడు పరీక్షా నడుస్తుంది, తీరా చూస్తే వాట్సాప్ వెబ్ తెరిచి ఖాళీగా కూర్చున్నప్పుడు మెషీన్ రీస్టార్ట్ అవుతుంది. కారణం ఏమిటంటే, అన్ని కోర్లూ పనిలో ఉన్నప్పుడు స్పీడు తక్కువే ఉంటుంది. ఒక్క కోరు మీద కాస్త పని పడ్డప్పుడే అది అందరికన్నా పై స్పీడుకి ఎగురుతుంది, మీరు కోసేసిన ఆ కొద్ది వోల్టేజ్ అక్కడ చాలదు. అందులోనూ ‘బెస్ట్ కోర్లు’ అని చిప్ గుర్తు పెట్టిన రెండు కోర్లు సాధారణంగా నెగటివ్‌కి తక్కువ ఓర్చుకుంటాయి. వాటికి 5 లేదా 10 చాలు, మిగతావి 20 దాకా పోనివ్వండి. పరీక్షకి కోర్‌సైక్లర్ వాడండి, ఒక్కో కోరునీ విడిగా తిప్పుతుంది. రాత్రి పడుకునే ముందు పెడితే పొద్దున్నకి ఏ కోరు తప్పిందో చెబుతుంది. తప్పిన కోరుకి 3 నుంచి 5 మెట్లు వెనక్కివ్వండి. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో డబ్ల్యూహెచ్ఈఏ లాగర్ పేరుతో హార్డ్‌వేర్ ఎర్రర్లు కనపడితే, మెషీన్ ఇంకా ఆరిపోకపోయినా, ఆ సెట్టింగు పచ్చిగా ఉన్నట్టే.

స్కోరు మీద కూడా కన్నుండాలి. వోల్టేజ్ మరీ తగ్గితే కొన్నిసార్లు మెషీన్ పడిపోదు, స్పీడు అంకె కూడా అలాగే ఉంటుంది, లోపల మాత్రం చిప్ క్లాక్ సాగిపోయి, అంటే నిజంగా నడిచే స్పీడు పడిపోయి, పని తగ్గుతుంది. రీడింగులు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో సాఫ్ట్‌వేర్‌లో ‘ఎఫెక్టివ్ క్లాక్’ అనే వరస చూడండి. ఫుల్ లోడులో అది మామూలు క్లాక్ కన్నా బాగా కిందుంటే అతి చేశారని అర్థం. చివరగా పవర్ హద్దు. రైజెన్ 7 7700ఎక్స్‌కి కంపెనీ ఇచ్చిన పీపీటీ (చిప్ తినగల పవర్ హద్దు) 142 వాట్లు. ఏసీ లేని గదిలో దాన్ని 105, 110కి దించండి. కర్వ్ ఆప్టిమైజర్ సరిగ్గా కుదిరాక దీని వల్ల పోయేది కొద్ది శాతమే, ఫ్యాను మోత మాత్రం గదంతా తెలిసేలా తగ్గుతుంది.

ఇంటెల్ వాళ్లకి ఒక హెచ్చరిక ముందు. 13, 14 తరాల్లో అవసరానికి మించిన వోల్టేజ్ అడగడం వల్ల చిప్‌లు క్రమంగా దెబ్బతింటున్నాయని 2024లో కంపెనీయే ఒప్పుకుంది, వారంటీ రెండేళ్లు పొడిగించింది. 0ఎక్స్12బి మైక్రోకోడ్ (చిప్‌ని నడిపే లోపలి కోడ్) గానీ, ఆ తర్వాతది గానీ ఉన్న బయోస్ వేయకుండా ఆ చిప్‌ల మీద చెయ్యి పెట్టొద్దు. ఐ5-13600కెకి ఇంటెల్ రాసిన పైహద్దు 181 వాట్లు. పాత బయోస్‌లతో చాలా బోర్డులు మొదటి బూటులోనే ఆ హద్దు తీసేసి 4096 వాట్లని పెట్టేసేవి. మీరు దాన్ని 150కి తెచ్చి, వోల్టేజ్ ఆఫ్‌సెట్ మైనస్ 0.05తో మొదలుపెట్టి 0.01 చొప్పున దిగండి. కొన్ని బోర్డుల్లో కరెంట్ ఎక్స్‌కర్షన్ ప్రొటెక్షన్ ఆన్‌లో ఉంటే ఆఫ్‌సెట్ ఇవ్వగానే స్కోరు పడిపోతుంది, కంగారు పడకుండా ఆ ఆప్షన్ వెతకండి.

మాన్యువల్‌గా పెంచే తీరతాం అనేవాళ్లు ఒక్క విషయంలో నా మాట వినండి. మల్టిప్లయర్ (చిప్ స్పీడుని నిర్ణయించే అంకె) మార్చి వోల్టేజ్‌ని ఆటోలో వదలొద్దు. బోర్డు భయపడి 1.4 దాటించి పోస్తుంది. ‘ఓవర్‌క్లాక్ చేసిన పీసీ’ అని డబ్బు తీసుకుని అమ్మే కొన్ని అసెంబుల్డ్ మెషీన్లలో బయోస్ తెరిస్తే కనపడేది ఇదే: మల్టిప్లయర్ ఒకటి మార్చి మిగతాదంతా ఆటో. అలా ఇవ్వడం కస్టమర్‌కి చేసే అన్యాయం. మీరు 1.25 దగ్గర కట్టేసి, ఒక మెట్టు పెంచి, అరగంట తిప్పి, పడిపోతేనే 0.01 ఇచ్చి, అలా వెళ్లండి. ఎయిర్ కూలర్ మీద 1.35 దగ్గర ఆగండి. లోడ్ లైన్ కాలిబ్రేషన్ మధ్య మెట్టులో ఉంచండి. గట్టిగా పెడితే లోడు పడ్డప్పుడు వోల్టేజ్ కుంగదు గానీ, లోడు తీసిన క్షణంలో పైకి ఎగురుతుంది, ఆ ఎగురుడు మామూలు సాఫ్ట్‌వేర్‌లో కనపడదు. ఒక బోర్డులో లెవెల్ 1 అంటే గట్టిది, ఇంకో దాంట్లో అదే మెత్తనిది. మాన్యువల్ చూసుకుని పెట్టండి.

ఇవేవీ అన్ని మెషీన్లలో కుదరవు. ఇంటెల్‌లో పేరు చివర కె ఉన్న చిప్, జెడ్ సిరీస్ బోర్డు ఉంటేనే మల్టిప్లయర్ మారుతుంది. ఏఎండీలో బీ550, బీ650 లాంటివి సరిపోతాయి, ఏ520 బోర్డు కొని ఓవర్‌క్లాక్ అడగొద్దు. హీట్‌సింక్ లేని వీఆర్ఎం (ప్రాసెసర్కి వోల్టేజ్ అందించే భాగం) ఉన్న చవక బోర్డులకైతే టవర్ కూలర్ పెట్టాక ఇంకో చిక్కు. పాత స్టాక్ కూలర్ గాలిని బోర్డు మీదికి ఊదేది, టవర్ వెనక్కి ఊదుతుంది, వీఆర్ఎం మీద గాలి ఆడదు.

కూలర్ విషయానికొస్తే, 120 వాట్ల లోపైతే నాలుగు హీట్‌పైపుల డీప్‌కూల్ ఏకే400 లాంటి ఒంటి టవర్ చాలు. 150 దాటితే థర్మల్‌రైట్ పీర్‌లెస్ అసాసిన్ 120 ఎస్ఈ లాంటి ఆరు పైపుల జంట టవర్. రెండింటి ఎత్తూ సుమారు 155 మిల్లీమీటర్లు, మీ కేబినెట్‌లో పడుతుందో లేదో కొనేముందే కొలవండి. లిక్విడ్ కూలర్ కొంటే ఎండాకాలం సమస్య పోతుందని అమ్మేవాళ్ల మాట నమ్మొద్దు. దాని రేడియేటర్‌ని చల్లబరిచేదీ ఆ 36 డిగ్రీల గాలే. మోటారు పోతే మొత్తం మార్చాలి, టవర్‌కి ఫ్యాను పోతే ఒక్క ఫ్యాను మార్చుకుంటే సరి. బిగించేటప్పుడు కింద అంటించిన ప్లాస్టిక్ పొర తీశారో లేదో చూసుకోండి. పేస్టు బఠానీ గింజంత, ఏఎం5 (రైజెన్ 7000 చిప్‌లు కూర్చునే సాకెట్) మీదైతే ఇంటూ గుర్తులా. స్క్రూలు ఒకటి పూర్తిగా బిగించి రెండోదానికి పోకుండా సగం సగం చుట్టు తిప్పుతూ రావాలి.

కూలర్ కన్నా ముందు అనుమానించాల్సింది కేబినెట్‌నే. ముందు అద్దం, లోపల రంగు లైట్లు ఉన్నవి షోకేసులో బాగుంటాయి గానీ, ముందు నుంచి గాలి సరిగ్గా లోపలికి రాదు. లోపల 200 వాట్ల గ్రాఫిక్స్ కార్డు ఊదే వేడంతా టవర్ పీల్చుకుంటోంది. పరీక్ష తేలిక: పక్క ప్యానెల్ తీసి అదే గేము అరగంట ఆడండి. ప్రాసెసర్ 5 డిగ్రీల కన్నా ఎక్కువ తగ్గితే డబ్బు పెట్టాల్సింది జాలీ ముందున్న కేబినెట్ మీద, కూలర్ మీద కాదు. ముందు రెండు ఫ్యాన్లు లోపలికి, వెనక ఒకటి బయటికి. కంప్యూటర్ టేబుల్ కింద తలుపున్న చెక్క అరలో మాత్రం దయచేసి పెట్టకండి, వదిలిన వేడినే మళ్లీ పీలుస్తుంది.

ఇక సముద్రం. పెదవాల్తేరు, ఎంవీపీ, బీచ్ రోడ్డు వైపు ఇళ్లలో గాలితో పాటు ఉప్పు వస్తుంది. ఉప్పు తేమని లాగుతుంది, దుమ్ముతో కలిసి ఫిన్ల మధ్య బంకలా గడ్డకడుతుంది, అది ఎండిన దుమ్ములా ఊదితే పోదు. గాజువాక వైపు దుమ్ము ఎక్కువ. ఎక్కడున్నా రెండు నెలలకోసారి బ్లోయర్ పట్టండి, ఫ్యాను రెక్క తిరగకుండా వేలితో పట్టుకుని ఊదండి. బంక కట్టినదాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మెత్తటి బ్రష్షు పెట్టి తుడవండి. సముద్రం వైపు కిటికీకి ఎదురుగా కేబినెట్ ఉంటే జరపండి. ఏసీ గది వాళ్లకి ఇంకొకటి: రాత్రంతా 22లో ఆరిపోయి ఉన్న మెషీన్ ఉన్న గదిలో పొద్దున్నే కిటికీలు బార్లా తీస్తే, మే నెల తేమ చల్లటి లోహం మీద నీరై దిగుతుంది, ఏసీ గది నుంచి బయటికొస్తే కళ్లజోడు మసకబారినట్టే. అలా తీస్తే అరగంట ఆగి స్విచ్ వేయండి.

బయోస్‌లో ప్రొఫైళ్లు దాచుకునే చోటుంటుంది. ఒకటి ‘ఎండ’, ఒకటి ‘చలి’ అని దాచుకోండి. పీపీటీ 105తో ఒకటి, 125తో ఒకటి. శివరాత్రికి చలి శివశివా అని పోతుందంటారు కదా, ఆ రోజే ‘ఎండ’ ప్రొఫైల్ వేసేయండి.