కొత్త అల్లుడికి సముద్రపు కాఫీ

భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువు లేని ఇల్లు ఉంటుందేమో గానీ, సెలినిటీ, అంటే నీళ్ళలో ఉప్పదనం, ఆ మాట తెలియని ఇల్లుండదు. మా బాబాయికైతే అది ఊతపదం. ఉప్పు 5 ఉన్నా 25 ఉన్నా వనామీ రొయ్య సర్దుకుపోతుందని పెళ్ళిచూపుల్లో కూడా చెప్పి, పిన్ని చేత చీవాట్లు తిన్నాడు. అలాంటివాడు హాల్లో 100 లీటర్ల అద్దాల తొట్టె పెట్టి రెండు క్లౌన్ చేపల్ని తెచ్చాడు. పగడపు దిబ్బల జాతి. వాటికి ఉప్పు 35 పీపీటీ దగ్గర నిలకడగా ఉండాలి. అంటే లీటరుకి సుమారు 35 గ్రాములు.

"పేరుపాలెం బీచి ఇక్కడే కదండీ, నాలుగు బిందెలు తెచ్చుకోక ఉప్పు కొనడమేంటి?" అంది పిన్ని. వరదొస్తే ఒడ్డున నీళ్ళు చప్పబడతాయి, పైగా బురద అన్నాడు. పోనీ వంటింటి ఉప్పు వేస్తేనో? అందులో సముద్రంలో ఉన్నంత మెగ్నీషియం, కాల్షియం ఉండవట. చివరికి సముద్రపు అక్వేరియం ఉప్పే డబ్బాతో తెప్పించాడు. దాని ఖరీదు పిన్నికి సగమే చెప్పాడు.

సంక్రాంతికి కొత్త అల్లుడొచ్చాడు. హైదరాబాదు కుర్రాడు. గోదావరి మరదళ్ళు కాఫీలో ఉప్పు కలుపుతారు, మొహం చిట్లించావో జన్మంతా ఆడిస్తారు అని స్నేహితులు ముందే నూరిపోసి పంపారు.

భోగి ముందురోజు బాబాయి, తొట్టెలో కొన్ని నీళ్ళు మార్చడానికని, ఇరవై లీటర్ల మినరల్ వాటర్ టిన్నులో ముప్పావు కిలో దాకా ఉప్పు కలిపాడు. నీళ్ళలోనే ఉప్పు పోయాలి, ఉప్పు మీద నీళ్ళు పోస్తే తెల్లగా విరిగి కూర్చుంటుందని మాకు పాఠం కూడా చెప్పాడు. చిన్న పంపు వేసి సాయంత్రం దాకా తిప్పి, ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటరు గాజు పలక మీద చుక్క వేసి, ట్యూబులైటు వైపు పెట్టి ఒక కన్ను మూసి చూశాడు. సరిగ్గా 35. రాత్రంతా తిరగనివ్వాలి నిజానికి. కానీ ఆ రొదకి అల్లుడుగారి నిద్ర చెడుతుందని పంపు తీసేసి, మూత బిగించి, వరండాలో పెట్టాడు, మంచినీళ్ళ టిన్ను పక్కన. రెండూ ఒకే నీలం రంగు, రెండిట్లోనూ స్ఫటికంలాంటి నీళ్ళు.

తెల్లారగట్ల భోగిమంట దగ్గర అందరికీ కాఫీలొచ్చాయి. మొదటి గ్లాసు అల్లుడిది. ఒక గుక్క తాగి మరదలి వంక చూశాడు. ఆ పిల్ల పాపం నిద్రమొహంతో పిడకల దండ విప్పుకుంటోంది. ఏం నటనరా అనుకున్నాడేమో, గ్లాసంతా ఖాళీ చేసి "చాలా బాగుందండీ" అన్నాడు. అంతమాటన్నాక పిన్ని ఊరుకుంటుందా? వద్దంటున్నా రెండో గ్లాసు పోసింది. అదీ సగం లోపలికి వెళ్ళాక తాతయ్య తన గుక్కని భోగిమంటలోకి ఉమ్మేశాడు.

బాబాయికి వెలిగింది. అల్లుడి దగ్గరికి కాదు, తొట్టె దగ్గరికి పరిగెత్తాడు! మంటకి ముందే ఇరవై లీటర్లు తోడేసి, రెండో టిన్ను అందులో కుమ్మరించాడు మరి. మీటరు 28 చూపించింది. చేపలు మూలకి చేరాయి గానీ బతికే ఉన్నాయి. ఒక్కసారిగా పెంచకూడదట. కొన్నాళ్ళపాటు ఆవిరైనంత మేరకి మంచినీళ్ళకి బదులు ఉప్పునీళ్ళు పోస్తూ మెల్లగా ఎక్కించాలి.

ఈలోగా పిన్ని మంచి కాఫీ కలిపి తెచ్చింది. అల్లుడికి నమ్మకం పోయింది. ఆ మీటరు అడిగి పుచ్చుకుని, ఒక చుక్క కాఫీ వేసి చూశాడు. మసగ్గా కనిపించిన గీత 35 దాటి ఎక్కడికో పోయింది.

"మావయ్యగారూ, ఇందులో ఇంకా ఎక్కువుందండీ!"

"అది పంచదారండి అల్లుడుగారూ. ఆ మీటరుకి ఉప్పుకీ పంచదారకీ తేడా తెలీదు."

"దాన్నంటారేంటండీ," అంది పిన్ని, గ్లాసు అల్లుడి చేతికిస్తూ, "మీకు తెలిసి ఏడిసింది గనకనా!"