ఎర్ర లైటు డెకరేషన్ కాదు!

సౌండ్ సిస్టమ్‌లో యాంప్ (యాంప్లిఫయర్) మీద క్లిప్ లైటు, అంటే యాంప్ తన హద్దు దాటిందని చెప్పే ఎర్ర లైటు, ఆరకుండా వెలుగుతుంటే, ఆపరేటర్ ఫేడర్ (వాల్యూమ్ మీట) ఇంకా పైకే తోస్తుంటాడు. కాసేపటికి హారన్ (సన్నటి శబ్దాలు పలికే స్పీకర్) మూగబోతుంది. "పవర్ ఎక్కువైంది, చిన్న యాంప్ పెట్టాల్సిందన్నా" అని పక్కనుంచి ఓ ఉచిత సలహా! చిన్న యాంప్‌ని పిండితేనే అసలు కొంప మునిగేది. శబ్దపు అల తలలు తెగి చదునవుతాయి, క్లిప్ అవడమంటే ఇదే. 500 వాట్ల యాంప్ పూర్తిగా క్లిప్ అయితే 1000 వాట్ల దాకా తోస్తుంది, అందులో పుట్టిన హార్మోనిక్స్ (అదనపు సన్నటి శబ్దాలు) ప్యాసివ్ క్రాసోవర్, అంటే బాక్సులో బేస్‌నీ సన్నటి శబ్దాల్నీ విడదీసే సర్క్యూట్ దాటి, నేరుగా హారన్ డయాఫ్రమ్ (కంపించే పల్చటి పొర) మీద పడతాయి.

లిమిటర్ (సిగ్నల్ హద్దు దాటకుండా ఆపేది) పెట్టమంటే "సౌండ్ తగ్గిపోద్ది" అంటారు. దాన్ని ఎంత దగ్గర బిగించాలో లెక్కకి రెండు నిమిషాలు పట్టదు. 8 ఓమ్‌ల స్పీకర్ బాక్సు, 500 వాట్లు: రెండూ గుణించి వర్గమూలం తీస్తే 63 వోల్టులు. యాంప్ గెయిన్ (సిగ్నల్‌ని పెంచేది) 32 రెట్లయితే, ఇన్‌పుట్ 2 వోల్టులు దాటకుండా బిగిస్తే చాలు. పట్టుకోవాల్సింది బాక్సు మీద పెద్దక్షరాల పీక్ (క్షణకాలపు గరిష్ఠ) వాట్లు కాదు మహానుభావా, ఆర్‌ఎంఎస్ (నిలకడగా తట్టుకునే) వాట్లు!

ఇక బేస్. 40 హెర్ట్జ్‌కి ట్యూన్ చేసిన పోర్ట్ బాక్సులో (గాలి రంధ్రం ఉన్న బాక్సులో) అంతకన్నా కింది శబ్దాలకి స్పీకర్ కోన్‌ని ఆపే గాలి ఉండదు. 35 హెర్ట్జ్ దగ్గర 24 డీబీ హై-పాస్ (అంతకన్నా కింది శబ్దాల్ని గట్టిగా కోసేసే ఫిల్టర్) లేకపోతే కోన్ వెనకున్న కాయిల్ అయస్కాంతం గ్యాప్ దాటి ఎగిరి, వంకరగా ఇరుక్కుంటుంది. అప్పుడు కోన్ వేళ్లతో మెల్లగా నొక్కితే గరగర.

ఆన్ చేసేటప్పుడు యాంప్ చివర, ఆపేటప్పుడు ముందు. ఇంత చిన్న సంగతికీ బద్ధకమే. యాంప్ కన్నా ముందే మిక్సర్ ఆపేస్తారు, స్పీకర్లో ధబ్!