పవర్ జాక్ గోస

గిటార్ శబ్దాన్ని మార్చే పెడల్‌ను మనమే తయారుచేసుకునే కిట్‌లో రెసిస్టర్లు, కెపాసిటర్లు అన్నీ అతకడం గంటన్నరలో అయిపోయింది. ఒక్క పవర్ జాక్ (అడాప్టర్ పిన్ను గుచ్చే సాకెట్) దగ్గరే రాత్రి పదకొండు దాటింది.

దీని నట్టు పెడల్ లోహపు డబ్బా లోపల పడాలట. అంటే జాక్‌ను బయటి నుంచి దూర్చాకే వైర్లు అతకాలి. నేనేమో ముందే బోర్డుకు కలిపి కూర్చున్నా! ఊడదీసి, ఆ ఇరుకులో మళ్ళీ సోల్డరింగ్ చేయబోతే ప్లాస్టిక్ కాస్తా కరిగింది.

పొద్దున హనుమకొండ చౌరస్తాకు పోతే ఇనుప జాకే దొరికింది. పెడల్‌కు 9 వోల్టులు, మధ్య పిన్ను నెగెటివ్, బయటి వైపు పాజిటివ్. డబ్బానేమో గ్రౌండ్, అంటే నెగెటివ్‌కు కలిసి ఉంటుంది. ఇనుపది బిగిస్తే దాని ఒంటి గుండా పాజిటివ్ డబ్బాకు తగిలి నేరుగా షార్టే.

"అన్నా, ప్లాస్టిక్‌ది లేదా?"

"ఏదైనా ఒకటే తమ్మీ, పెట్టుకో."

ఒకటే అయితే నాకీ తిప్పలెందుకన్నా!