ఆటలు పైనా, లెక్కలు కిందానా?

అప్లికేషన్ల మెనూ గారికి,

కోనసీమ నుంచి నమస్కారాలండి. మా లినక్స్ కంప్యూటర్లో కింద ఎడమ మూల మీరు కొలువుదీరి ఏడాది దాటింది. ఇన్నాళ్లూ మీ జోలికి రాలేదు. ఇప్పుడు మా నాన్న వచ్చారు, దాంతో నాకూ తప్పలేదు.

ఆయన అడిగింది ఎంతండీ? కొబ్బరి దింపు అయ్యాక ఎన్ని కాయలొచ్చాయి, అంబాజీపేటలో వెయ్యి కాయలు ఎంత పలికాయి, దింపుకూలి ఎంత పోయింది, ఇవి వేసుకోడానికి ఓ లెక్కల ప్రోగ్రాం. దాన్ని మీరు తీసుకెళ్లి ‘ఆఫీసు’ అనే వరసలో కూర్చోబెట్టారు. “నేనెప్పుడు ఆఫీసుకెళ్లానురా?” అన్నారు. అకారాది క్రమం అంటే మీకు ప్రాణం కదా, ఆఫీసు నెత్తిన ‘ఆటలు’. “ఆటలు పైనా, లెక్కలు కిందానా? ఇది ఎవరి కొంపరా?” నా దగ్గర జవాబు లేదు.

సరే, మీ గుట్టేమిటో చూద్దామని విప్పాను. ప్రోగ్రాముకొక డెస్క్‌టాప్ ఫైలు. తెరిస్తే వట్టి చీటీ! నేమ్ అంటే పేరు, ఎగ్జెక్ అంటే నడిపే కమాండు, ఐకాన్ అంటే బొమ్మ, కేటగిరీస్ అంటే ఏ వరసలో కూర్చోవాలో. ఈమాత్రం దానికా అంత బిల్డప్పు! అడ్మిన్ అధికారమిచ్చే సుడో కమాండు కొట్టి, నేమ్ ఎదురుగా ‘కొబ్బరి లెక్కలు’ అని రాసి సేవ్ చేశాను. మెనూ తెరిస్తే పాత పేరే. మళ్లీ రాశాను. మళ్లీ అదే. గంట తర్వాత కనపడింది: కింద ఇంకో నేమ్, దాని పక్కన బ్రాకెట్లలో టీ, ఈ అని. అంటే తెలుగు. నా సిస్టమ్ తెలుగులో ఉంది కాబట్టి మీరు ఆ లైనే చదువుతున్నారు. తెలుగు మీద అంత అభిమానం ఉన్నవారు ఒక్క ముక్క చెప్పొచ్చు కదండీ?

దిద్దాను. నాలుగు రోజులు బాగానే ఉంది. అప్‌డేట్ వచ్చింది, కొబ్బరి కొట్టుకుపోయింది.

తప్పు నాదేలెండి. ధవళేశ్వరం నుంచి వచ్చే పెద్ద కాలవ తూము మీద చెయ్యేస్తే కాలవ కాపలా కాసే లస్కరు ఊరుకుంటాడా? యూఎస్ఆర్ అనే సిస్టమ్ ఫోల్డరు కింద షేర్, దాని కింద అప్లికేషన్స్, అది మీ పెద్ద కాలవ. నా చేలో పిల్లకాలవ, అదే బోదె, మాత్రం నా ఇష్టం. నా హోమ్ ఫోల్డరులో కంట్రోల్ హెచ్ కొడితే డాట్ లోకల్ అని దాక్కున్న ఫోల్డరు బయటపడుతుంది. అందులోనూ షేర్, అందులోనూ అప్లికేషన్స్. అదే ఫైలు అదే పేరుతో ఇక్కడికి కాపీ చేసి దిద్దితే, మీరు నా కాపీకే విలువిస్తారు. ఇది తెలిశాక మీ మీద కోపం సగం పోయింది. మిగతా సగం, అసలు ప్రోగ్రాం తీసేసినా నా కాపీ మెనూలో అలాగే వేలాడొచ్చని తెలిసినప్పుడు తిరిగొచ్చింది. పోయినాయన పేరు ఓటరు లిస్టులో ఉన్నట్టు.

ఇవన్నీ మౌస్‌తో చేయించే అలాకార్ట్, మెనూలిబ్రే కూడా ఉన్నాయట. మేం విస్తరి భోజనం వాళ్లం, చేత్తోనే కానిచ్చాం.

ఇక ఆటలు. ఒక్కో ఆట చీటీనీ ఇంటికి తెచ్చుకుని, చివర నోడిస్‌ప్లే ఈజీక్వల్టు ట్రూ అని రాశాను. అన్నీ దాగేసరికి ‘ఆటలు’ అన్న వరసే మాయం. ఆఫీసు పైకొచ్చింది, నాన్న శాంతించారు. మీరూ నేనూ రాజీపడ్డాం అనుకున్నాను.

సెలవులకి మేనల్లుడొచ్చాడు. “మావయ్యా, మెనూలోంచి తీస్తే ఆట పోదు కదా” అని నవ్వి ఊరుకున్నాడు.

మొన్న దింపు రోజు గదిలోకి వెళితే మీరు మూసుకునే ఉన్నారు. కమాండ్లు టైపు చేసే టెర్మినల్లో సోల్ అని ఇంగ్లిషులో మూడే అక్షరాలు, దాని పక్కన తెరంతా పేకముక్కలు. బయట కాయలు లెక్కపెట్టేవాళ్లు కేకలేస్తున్నారు. కుర్చీలో ఉన్నది మేనల్లుడు కాదండి.

ఇట్లు,
మీ బోదె రైతు