కామెడీ ఫెస్టివల్‌కి వెళ్తున్న కొత్త కమెడియన్లూ, టైమ్ దాటకండి

ఫెస్టివల్‌లో మొదటిసారి స్పాట్ (స్టేజ్ మీద కొన్ని నిమిషాల ఛాన్స్) దొరికిన వాళ్లు ఎక్కువగా అడిగేది "ఏ జోకులు చెయ్యాలి?" అని. దానికన్నా ముందు నేను చెప్పేది ఒకటుంది. ఐదు నిమిషాలిస్తే ఐదు నిమిషాల్లో దిగిపోండి.

ఎవరైనా ఎక్కి జోకులు ట్రై చేసే మామూలు ఓపెన్ మైక్‌లో రెండు నిమిషాలు ఎక్కువ తీసుకుంటే హోస్ట్ చూసీచూడనట్టు వదిలేస్తారు. ఫెస్టివల్‌లో అలా కుదరదు. ఒకే హాల్లో షో వెనక షో ఉంటుంది. ఒక షో జనం బయటికి వెళ్లి, తర్వాతి షో జనం వచ్చి కూర్చోవడానికి ఉండేది కొద్ది నిమిషాలే. కాబట్టి మీరు అదనంగా వాడుకున్న రెండు నిమిషాలు లైనప్‌లో చివర ఉన్నవాళ్ల సెట్‌లోంచే, అంటే వాళ్లు స్టేజ్ మీద చెయ్యాల్సిన జోకుల్లోంచే పోతాయి. నెలల తరబడి సెట్ రాసుకుని, సొంత డబ్బుతో ప్రయాణం చేసి వచ్చిన మనిషికి, స్టేజ్ పక్కన నిలబడి ఉండగా "సగం చేసి దిగిపో" అని చెప్పడం నేను చూశాను. ముందు ఎక్కినవాళ్లు సాగదీసినందుకు ఆ మనిషి సెట్ పోయింది. ఆ కోపం నాకింకా తగ్గలేదు.

అందుకే ఎక్కేముందే, టైమ్ అయిపోతోందని చెప్పే లైట్ ఎక్కడ వెలుగుతుందో, టైమ్ అయిపోవడానికి ఎంత ముందు వెలుగుతుందో కనుక్కోండి. వెలిగాక కొత్త బిట్ మొదలుపెట్టకండి. ఐదు నిమిషాల స్పాట్‌కి నాలుగు నిమిషాల సెట్టే రాసుకోండి, నవ్వులు కూడా టైమ్ తింటాయి. జనం పగలబడి నవ్వుతున్నారు కదా, ఇంకొకటి చేద్దామనే టెంప్టేషన్ వస్తుంది. దిగాల్సింది సరిగ్గా అప్పుడే.

ఇక జోకుల సంగతి. కొత్తగా రాసింది తీసుకెళ్లకండి. చాలా స్టేజీల మీద, మీరెవరో తెలియని జనం ముందు పేలినవే చెయ్యండి. ఫెస్టివల్ జనం రకరకాల ఊళ్ల నుంచి వస్తారు, అప్పటికే రెండు మూడు షోలు చూసి అలసిపోయి ఉంటారు. మీ ఊరి వీధి పేరు మీద నడిచే పంచ్ వాళ్లకి ఎక్కదు. మొదటి నవ్వు అర నిమిషం లోపే రావాలి. మీకంటే ముందు ఎక్కినవాళ్ల సెట్లు తప్పకుండా వినండి, లేకపోతే వాళ్లు ఇప్పుడే చేసిన టాపిక్‌నే మీరూ ఎత్తుకుంటారు.

ఒక్క షోతో లైఫ్ మారిపోతుందన్న ఆశ మాత్రం వదిలెయ్యండి. స్కాట్లాండ్‌లో జరిగే ఎడిన్‌బరా ఫ్రింజ్ ఫెస్టివల్ 1947లో మొదలైంది, పిలుపు లేకుండానే వచ్చి షోలు వేసుకున్న ఎనిమిది నాటక బృందాలతో. ఇప్పటికీ అక్కడ ఎవరైనా షో పెట్టుకోవచ్చు, కానీ సాధారణంగా ప్రచారం, బస ఖర్చులు మీవే. ఆగస్టులో మూడు వారాలకు పైగా రోజూ షో వేసే కొత్తవాళ్లకు కొన్ని రోజులు పట్టుమని పదిమంది రారు. వచ్చిన నలుగురికే పూర్తి షో చెయ్యాలి. 1983 నుంచి నడుస్తున్న మాంట్రియల్ జస్ట్ ఫర్ లాఫ్స్ అయితే డబ్బు ఇబ్బందులతో 2024 ఫెస్టివల్‌నే రద్దు చేసుకుంది. హానా గ్యాడ్స్‌బీ ఆస్ట్రేలియాలో కొత్త కమెడియన్లకు పెట్టే రా కామెడీ పోటీ గెలిచింది 2006లో. ప్రపంచమంతా ఆ పేరు మారుమోగింది 2018లో. మధ్యలో పన్నెండేళ్లున్నాయి.

ఆ ఏళ్లలో మిమ్మల్ని మళ్లీ మళ్లీ పిలిచేది తోటి కమెడియన్లు, హోస్టులు, షో పెట్టేవాళ్లే. సౌండ్ చూసేవాళ్లతో మీరెలా మాట్లాడారో, మీ సెట్ అవ్వగానే వెళ్లిపోయారో మిగతావాళ్లవి కూర్చుని చూశారో, టైమ్‌కి దిగారో లేదో వాళ్లకి గుర్తుంటుంది.

హోస్టులకూ షో నడిపేవాళ్లకూ ఒక మాట. లైట్ పడినా దిగనివాళ్ల దగ్గర మొహమాటపడకండి. మ్యూజిక్ వెయ్యండి, స్టేజ్ మీదికి వెళ్లి మైక్ తీసుకోండి. ఎంత పేరున్నవాళ్లయినా సరే. ఆ నిమిషాలు కోసెయ్యాల్సి వస్తే వాళ్ల తర్వాతి స్పాట్‌లోంచి కొయ్యండి, చివర్లో ఎదురుచూస్తున్నవాళ్ల దాంట్లోంచి కొయ్యకండి.