మట్టి కార్డులో లేని గడి

గోదావరి డెల్టాలో దాళ్వా (రబీ వరి) కోతలయ్యాక చేలో మట్టి తీసి పరీక్షకిస్తే సాయిల్ హెల్త్ కార్డు చేతికొస్తుంది. 2015లో మొదలైన ఈ కార్డులో నత్రజని నుంచి బోరాన్ దాకా, చౌడు నుంచి సేంద్రియ కర్బనం దాకా 12 అంశాలు. మట్టిలో బతుకుతున్నదేమిటో చెప్పే గడి మాత్రం ఒక్కటీ లేదు. కర్బనం ఆ జీవుల మేత. మేత తూకం వేసి మందను లెక్కపెట్టని లెక్క ఇది.

దమ్ము చేసి నీరు నిలగట్టిన వరిచేలో పైన కొద్ది మిల్లీమీటర్ల మట్టికే ఆక్సిజన్ అందుతుంది. అక్కడి బ్యాక్టీరియా అమ్మోనియాను నైట్రేట్ చేస్తుంది. అది కిందికి దిగితే గాలి అందని పొరలో వేరే బ్యాక్టీరియా దాన్ని నత్రజని వాయువుగా మార్చి ఆకాశానికి వదిలేస్తుంది. రైతు వరుసలో నిలబడి తెచ్చుకున్న యూరియాలో కొంత ఇలాగే పోతుంది. ఆ గాలిలేని పొరలోనే ఆర్కియా అనే మరో రకం సూక్ష్మజీవులు మీథేన్ వాయువు పుట్టిస్తాయి. వరి తన కాడ గుండా వేళ్లకు దింపిన ఆక్సిజన్‌తో బతికే మరో గుంపు అందులో కొంత అక్కడికక్కడే తినేస్తుంది. నీటిపై నీలి ఆకుపచ్చ నాచు గాలిలోని నత్రజనిని చేనికి పట్టి తెస్తుంది. అంటే సూక్ష్మజీవులన్నీ రైతు చుట్టాలేం కాదు. ఎవరి బలం ఎంతన్నదే అసలు ప్రశ్న.

ఇదే గోదావరి ఒండ్రు కాకినాడ దగ్గరి కోరంగి మడ అడవిలోనూ పేరుకుంది. రాలిన ఆకులను అక్కడి సూక్ష్మజీవులు కుళ్లబెడితే ఆ కుళ్లు రొయ్యపిల్లలకూ పీతలకూ తిండి. బురదలోంచి వచ్చే కుళ్లుగుడ్ల వాసన సల్ఫేట్‌ను వాడుకునే బ్యాక్టీరియాది. అడవికీ చేనుకూ నడుమ రొయ్యల చెరువుల్లో ప్రోబయోటిక్ పేరిట సూక్ష్మజీవులను డబ్బాలకొద్దీ కొని పోస్తున్నారు. కొనే సరుకైతే ధర చూస్తాం, ఊరికే ఉన్నదాని ఊసెత్తం!

జాతుల సంఖ్య ఒక్కటే చూసినా మోసపోతాం. అమెజాన్ అడవిని పచ్చికబయళ్లు చేసిన చోట మట్టి బ్యాక్టీరియాపై 2013లో వెలువడిన అధ్యయనంలో ఒక్కో చోట వైవిధ్యం తగ్గలేదు, పెరిగింది కూడా. పోయింది చోటుకీ చోటుకీ ఉండే తేడా. ఎక్కడ తవ్వినా దాదాపు అవే జీవులు. 1982లో మార్టేరు వరి పరిశోధన స్థానం నుంచి వచ్చిన స్వర్ణ రకం డెల్టాకు అన్నం పెట్టింది, కాదనం. కానీ ఏటా రెండు కార్లూ (పంటకాలాలూ) వరే, అదే దమ్ము, అదే యూరియా పడుతున్న నేలల్లోనూ ఆ తేడా చెరిగిపోతోందా?

చూసేందుకు దారి ఉంది. ప్రయోగశాలలో పెంచగలిగే సూక్ష్మజీవులు కొద్దే గానీ, మట్టిలోంచి నేరుగా డీఎన్‌ఏ తీసి చదివే పద్ధతి ఇప్పుడుంది. ప్రతి రైతు కార్డుకూ అది పెట్టడం ఖరీదైన పని, మేమూ అడగం. రెండు కార్లూ వరి వేసే చేను, పచ్చిరొట్టగా జీలుగ దున్నే చేను, లంక భూమి, కొబ్బరితోట, పూడ్చిన రొయ్యల చెరువు, కోరంగి అంచు. ఇలా కొన్ని చోట్లను శాశ్వతంగా గుర్తించి ఏటా ఒకే అదనులో నమూనాలు తీసే బాధ్యతను వ్యవసాయ, అటవీ శాఖలు కలిసి మార్టేరు పరిశోధన స్థానానికి నిధులతో సహా అప్పగించాలి. తొలి నమూనాలు ధవళేశ్వరం ఆనకట్ట నుంచి సార్వాకు (ఖరీఫ్ వరికి) నీరు వదలకముందే తీయాలి.