సుంకం సున్నా, తేమ పన్నెండు

2016వ సంవత్సరంలో చరిత్ర గుర్తుంచుకోదగిన విభజనలు రెండు జరిగాయి. జూన్ 23న బ్రిటన్ ప్రజలు ఓటు వేసి ఐరోపా సమాఖ్య నుంచి వైదొలగాలని తేల్చారు, దానికే బ్రెగ్జిట్ అని పేరు. అక్టోబర్ 11న, సరిగ్గా దసరా నాడు, ఉమ్మడి వరంగల్ జిల్లా ముక్కలైంది. మనం పాలపిట్టను చూసి, జమ్మి ఆకు ఇచ్చిపుచ్చుకుని ఇంటికి చేరేలోగా కొత్త కలెక్టరేట్లకు బోర్డులు వెలిశాయి. బ్రిటన్ వారికి మాత్రం గడప దాటడానికే 2020 జనవరి 31 దాకా పట్టింది. మనల్ని ఓటు అడగలేదు కాబట్టే పని అంత తొందరగా తెమిలిందని కొందరంటారు, అది వేరే సంగతి. అర్బన్, రూరల్ అని పెట్టిన పేర్లు 2021లో హనుమకొండ, వరంగల్ అయిన తరువాత, తానిప్పుడు ఏ జిల్లా వాడో తేల్చుకోవడానికి కాగితాలు తిరగేసే పౌరులు మా వాడకట్టులో ఇప్పటికీ ఉన్నారు. ఇంతటి అనుభవం ఉన్న నేల కనుక, బ్రెగ్జిట్ మంచిచెడులపై తీర్పు చెప్పే అర్హత ఎనుమాముల మార్కెట్ యార్డు ఎదుటి టీ బల్లకు పుష్కలంగా ఉందని ఈ వ్యాసకర్త వినయంగా మనవి చేసుకుంటున్నాడు.

ఆ బల్ల మీద కూర్చునేవారు ఐదుగురు: పదవీ విరమణ చేసిన అర్థశాస్త్ర అధ్యాపకుడు, ఒక అడ్తిదారు (కమీషన్ వ్యాపారి), పర్వతగిరి వైపు నుంచి వచ్చే పత్తి రైతు, ఒక హమాలీ, కొడుకును లెస్టర్‌లో ఎమ్మెస్సీ చదివిస్తున్న ఒక తండ్రి. నేను కార్యదర్శిని, అనగా టీ డబ్బులు ఇచ్చేవాడిని.

మొదట బస్సు సంగతి చర్చకు వచ్చింది. వైదొలగాలన్న పక్షం వారు ఒక ఎర్ర బస్సు మీద, మనం ఐరోపాకు వారానికి 35 కోట్ల పౌండ్లు పంపుతున్నాము, ఆ సొమ్ము మన ఆసుపత్రులకు ఇద్దాము అన్న అర్థం వచ్చేలా రాయించి ఊరూరా తిప్పారు. ఎక్స్‌ప్రెస్ అని రాసి ఉన్న బస్సు ప్రతి ఊరి పొలిమేరలో ఆగడం చూస్తూ పెరిగిన మా బల్లకు బస్సు మీది రాతలపై గొప్ప నమ్మకమేమీ లేదు. అయినా అడ్తిదారు ఆ అంకెను తన వృత్తిరీత్యా పరిశీలించి, అది తక్‌పట్టీలో, అనగా రైతుకిచ్చే అమ్మకపు చీటీలో, పై అంకె అని ఒక్క మాటలో తేల్చాడు. తూకాన్ని ధరతో గుణిస్తే పైన కనిపించే మొత్తం ఒకటి. హమాలీ, తూకం వేసే దడ్వాయి, చాట కూలీలు పోగా రైతు జేబులోకి వచ్చేది మరొకటి. బ్రిటన్ లెక్కలోనూ ప్రధాని థాచర్ కాలం నాటి రిబేటు ముందే తగ్గిపోయేది, రైతుల సబ్సిడీలుగా మరికొంత వెనక్కి వచ్చేది. పై అంకెను చూపించి కింది అంకె మీద బొటనవేలు పెట్టే విద్య తమ సొంతమని ఇన్నాళ్లూ అనుకున్న అడ్తిదారుకు ఆనాడు కొంచెం అసూయ కూడా కలిగిందని నా అనుమానం.

అసలు చర్చ ఒప్పందం దగ్గర మొదలైంది. ఓటు వేసిన నాలుగున్నరేళ్లకు, 2020 డిసెంబర్ 24న, గడువు ఇంకో వారం ఉందనగా, ఉభయ పక్షాలు పన్నెండు వందల పేజీలకు పైబడిన వాణిజ్య ఒప్పందాన్ని కుదుర్చుకున్నాయి. సరుకులపై సుంకం సున్నా, పరిమితి సున్నా. ఇంటి నుంచి వేరుపడినా వంటింటి తలుపు తెరిచే ఉంటుందన్నమాట. అధ్యాపకుడు ఈ ఘట్టాన్ని వర్ణిస్తున్నప్పుడు ఆయన కంఠంలో గౌరవం ధ్వనించింది. అప్పటిదాకా నోరు విప్పని పత్తి రైతు అప్పుడు ఒకే ఒక్క ప్రశ్న వేశాడు: "తేమ ఎంత పెట్టిన్రు సారూ?"

ఈ ప్రశ్న వెనుక ఉన్న పాండిత్యాన్ని ఇతర ప్రాంతాల పాఠకులకు వివరించవలసి ఉంది. మద్దతు ధరకు పత్తి కొనే ప్రభుత్వ సంస్థ సీసీఐ కేంద్రంలో రైతును ఎవరూ సుంకం అడగరు. గేటు తెరిచే ఉంటుంది. కాకపోతే కపాస్ కిసాన్ యాప్‌లో పేరు ఉండాలి, స్లాటు దొరకాలి, దొరికిన రోజున వాన పడకూడదు. ఇవన్నీ కలిసివచ్చి బండి లోపలికి వెళ్లాక ఒక మనిషి పత్తిలో మీటరు గుచ్చుతాడు. ఎనిమిది శాతం తేమ ఉంటే పూర్తి మద్దతు ధర, అంతకు మించితే శాతానికింత కోత, పన్నెండు దాటితే బండి వెనక్కి. పుస్తకాలలో దీనిని సుంకేతర అవరోధం అంటారట. మా దగ్గర దీనిని పొద్దున వచ్చి రాత్రికి తిరిగిపోవడం అంటారు. 2021 జనవరి ఒకటి నుంచి బ్రిటన్ ఎగుమతిదారుకు సరిగ్గా ఇదే మీటరు ఎదురైంది: సరుకు ఎక్కడ పుట్టిందో చెప్పే పత్రం, మాంసానికి పశువైద్యుడి సంతకం, ప్రతి లోడుకూ కస్టమ్స్ ప్రకటన. ఆ నెలలోనే హుక్ ఆఫ్ హాలండ్ రేవులో దిగిన లారీ డ్రైవర్ల చేతుల్లోంచి మాంసం పెట్టిన బ్రెడ్డు ముక్కలను కూడా డచ్ అధికారులు లాగేసుకున్నారు. మధ్యాహ్నం తినడానికి ఇంటి నుంచి తెచ్చుకున్న సద్ది మూటను సరిహద్దు దగ్గర వదులుకోవడమే సార్వభౌమత్వమైతే, మా రైతు అది ఎప్పుడో సంపాదించుకున్నాడు.

నష్టం ఎంత అన్న దానిపై బ్రిటన్‌లో ఇప్పటికీ వాదం నడుస్తోంది. కరోనా వల్ల వచ్చినదా, ఉక్రెయిన్ యుద్ధం వల్ల వచ్చినదా, విడిపోవడం వల్ల వచ్చినదా అని ఒకరి ఖాతాలోంచి మరొకరి ఖాతాలోకి దానిని నెట్టుకుంటారు. ఆ దేశ బడ్జెట్ అంచనాలు వేసే అధికార సంస్థ మాత్రం, సమాఖ్యలోనే ఉండి ఉంటే ఉండే ఉత్పాదకతతో పోలిస్తే దీర్ఘకాలంలో నాలుగు శాతం తగ్గుతుందని లెక్క కట్టింది. వందకు నాలుగు. ఈ అంకె వినగానే బల్ల మీద అందరి ముఖాలూ వికసించాయి, ఎందుకంటే అది అందరికీ తెలిసిన అంకె: క్వింటాలుకు నాలుగు కిలోల తరుగు. తరుగు గొప్పతనమేమిటంటే అది ఎవరినీ చంపదు, ఎవరినీ ఒక్క రోజులో దివాలా తీయించదు, అందుకే దాని మీద ఎవరూ ధర్నా చేయరు. ఏడాది చివర ఖాతా చూసుకుంటే మాత్రం ఇంట్లో ఒక పెళ్లి వాయిదా పడి ఉంటుంది.

ఉత్తర ఐర్లాండ్ చిక్కును విడదీయడానికి మాత్రం బల్లకు అరగంట కూడా పట్టలేదు. అన్నదమ్ములు వేరుపడితే పొలం పంచుకోవచ్చు, నట్టింట గోడ పెట్టుకోవచ్చు, కానీ ఉమ్మడి బావిలో గోడ కట్టలేరు. ఉత్తర ఐర్లాండ్ బ్రిటన్‌తో ఉంది, అదే దీవిలోని మిగతా ఐర్లాండ్ ఐరోపా సమాఖ్యలో ఉంది. 1998 నాటి శాంతి ఒప్పందం తరువాత ఐర్లాండ్ దీవి మధ్యలో తనిఖీ కేంద్రాలు పెట్టడానికి ఎవరికీ ధైర్యం చాలదు. కనుక గోడను తీసుకెళ్లి సముద్రంలో పెట్టారు. అంటే బ్రిటన్ నుంచి బ్రిటన్‌కే పోయే సరుకుకు తనిఖీ వచ్చింది. 2023లో విండ్సర్ ఒప్పందంతో అక్కడ ఉత్తర ఐర్లాండ్‌లోనే ఉండిపోయే సరుకుకు ఆకుపచ్చ దారి ఒకటి, ఐరోపా సమాఖ్యలోకి దాటిపోగల సరుకుకు ఎర్ర దారి ఒకటి గీశారు. మా ఊళ్లలో బావి మోటారుకు వంతులు వేసుకుంటారు, వంతు తప్పితే తల పగలగొట్టుకుంటారు. వారిది మర్యాదస్తుల పద్ధతి.

రాజకీయ పర్యవసానాల గురించి ఎక్కువ చెప్పను. ఓటు పెట్టించిన ప్రధాని ఫలితం రాగానే తప్పుకున్నాడు, తరువాతి ప్రధాని తెచ్చిన ఒప్పందాన్ని పార్లమెంటు 2019లో మూడుసార్లు తిప్పికొట్టింది, ఆపై వచ్చిన వారిలో ఒకరు యాభై రోజులైనా నిలవలేదు. ఏసీలో (శీతల గిడ్డంగిలో) పెట్టిన మిర్చి బస్తా అంతకంటే ఎక్కువ కాలం ఉంటుందని అడ్తిదారు సానుభూతితో అన్నాడు. బయటి వాళ్ల రాక తగ్గాలని ఓటు వేస్తే, ఐరోపా వాళ్లు తగ్గి, 2023 జూన్‌తో ముగిసిన ఏడాదిలో నికర వలస తొమ్మిది లక్షలు దాటింది. అలా వెళ్లిన వారిలో ఒకడి తండ్రి మా బల్ల మీదే కూర్చుని ఉన్నందున ఈ అంశంపై ఎవరూ నోరు జారలేదు. 2024 జనవరి నుంచి, పరిశోధన చేసేవారు తప్ప, పీజీ విద్యార్థులు భార్యాపిల్లలను వెంట తీసుకెళ్లడానికి వీల్లేదన్న నిబంధనను మాత్రం ఆయన నిండు మనసుతో స్వాగతించాడు. కొడుకు ప్రేమ వ్యవహారం ఆయనకు ఇష్టం లేదు.

మనకు ఇలాంటి చర్చ ఎందుకు లేదని అధ్యాపకుడు వాపోయాడు. 2019 నవంబర్ 4న బ్యాంకాక్‌లో ఆర్‌సెప్ అనే ఆసియా-పసిఫిక్ దేశాల వాణిజ్య కూటమిలో చేరబోమని మన దేశం చెప్పి వచ్చింది. న్యూజిలాండ్ పాలు, చైనా సరుకులు ముంచుతాయని భయం. లోపలికి పోకుండానే బయటికి రావడం మన ప్రత్యేకత. ఇక 2025 ఆగస్టులో విదేశీ పత్తిపై ఉన్న పదకొండు శాతం దిగుమతి సుంకాన్ని తాత్కాలికంగా ఎత్తివేసినప్పుడు బస్సు లేదు, ఓటు లేదు, వాదోపవాదాలు లేవు. పర్వతగిరి రైతుకు ఆ సంగతి మార్కెట్‌లో ధర పాడే జెండా పాటలోనే తెలిసింది.

చివరి అంశంగా 2025 మే 19 నాటి లండన్ సమావేశాన్ని కార్యదర్శి హోదాలో నేనే ప్రస్తావించాను. ఆ రోజున బ్రిటన్, ఐరోపా సమాఖ్యలు మళ్లీ కూర్చుని, ఆహార పదార్థాలపై తనిఖీలు తగ్గించుకోవడానికి ఒక అవగాహనకు వచ్చాయి. దాని ప్రకారం ఆ పదార్థాలపై ఐరోపా నిబంధనలు మారినప్పుడల్లా బ్రిటన్ కూడా వాటి వెంట మారుతుంది. అదే రోజున ఐరోపా పడవలకు బ్రిటన్ నీళ్లలో చేపలు పట్టే హక్కును ఇంకో పన్నెండేళ్లు, 2038 దాకా, పొడిగించారు.

అంతసేపూ బీడీ కాలుస్తూ విన్న హమాలీ, అయితే ఇకమీదట మీటరు ఎవరు చూస్తారని అడిగాడు. బ్రసెల్స్ వాళ్లేనని, అనగా ఐరోపా సమాఖ్య వాళ్లేనని, అధ్యాపకుడు చెప్పాడు. మునుపు ఎవరు చూసేవారని హమాలీ మళ్లీ అడిగాడు. అప్పుడూ బ్రసెల్స్ వాళ్లేనని, కాకపోతే తేమ ఎంత ఉండాలో రాసుకునే బల్ల మీద బ్రిటన్‌కు కూడా ఒక కుర్చీ, ఒక ఓటు ఉండేవని, ఇప్పుడు అభిప్రాయం అడుగుతారు గానీ ఓటు ఉండదని ఆయన వివరించాడు. హమాలీ ఏమీ అనలేదు. పత్తి రైతు మాత్రం తువ్వాల దులుపుకుని లేచాడు. మీటరు పన్నెండున్నర చూపించిందని పొద్దున వెనక్కి పంపిన బండిని ఎండలో ఆరబోసి రెండు గంటలైంది, మరొకసారి గుచ్చి చూడమని బతిమాలుకోవడానికి పోవాలన్నాడు.